నోరు మూసుకొని ఆడే పత్తాలాట

పత్తాలు అన్న మాట వింటే చాలు, మన బస్తీల్లో ఆడవాళ్ల మొహాలు మారిపోతాయి. తప్పు వాళ్లది కాదు. హప్తా చేతికొచ్చిన రాత్రే తీన్‌పత్తీలో సగం అయిపోవడం చూసిన ఇండ్లు మనవి. పండుగ పూట అరుగు మీద మెండికోట్ ఆడుకుంటే ఎవరూ ఏమనరు గానీ, మధ్యలో పైసలు పడ్డాయంటే ఆ ఇంట్లో మరునాడు పొయ్యి వెలగడం కష్టమే. అందుకే షోలాపూర్ తూర్పు పేటల్లో మా గల్లీ వాచనాలయం హాలులో పత్తాలాట పెడదామని నేనంటే, సంఘం పెద్దమనుషుల్లో ఒకాయన, "పుస్తకాలు చదివీ చదివీ నీకేమన్న అయిందా తమ్మీ?" అన్నాడు.

పైసలుండవు మామా అన్నాను. బహుమతులు కూడా ఉండవన్నాను. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ ఒకటే జట్టు, గెలిస్తే నలుగురూ గెలుస్తారు, ఓడితే నలుగురూ ఓడుతారు అన్నాను. ఆయనకు అనుమానం ఇంకా గట్టిపడింది. "మరి ఎవరి మీద ఆడుడు?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. పత్తాల కట్ట మీదనే ఆడుడు.

ఆట పేరు హనాబి. జపాన్ భాషలో హనా అంటే పువ్వు, బి అంటే నిప్పు. రెండూ కలిస్తే బాణసంచా. ఆట మాత్రం జపాన్‌ది కాదు. ఆంత్వాన్ బోజా అనే ఫ్రెంచాయన తయారుచేశాడు, 2010లో వచ్చింది. 2013లో జర్మనీలో ఏటా ఒక ఆటకు ఇచ్చే పెద్ద బహుమతి దీనికే దక్కింది. పుణెలో నౌకరీ చేసే మా అక్క కొడుకు దీపావళికి వస్తూ ఒక డబ్బా తెచ్చాడు. టపాసులకు బదులు ఇదేంరా అని పిల్లలు మూతి ముడిచారు. మూడో రోజుకు వాళ్లే వదల్లేదు.

కట్టలో 50 పత్తాలు. తెలుపు, ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, ఐదు రంగులు. ఒక్కో రంగులో పది: ఒకటి అంకెవి మూడు, రెండు, మూడు, నాలుగు అంకెలవి రెండేసి, ఐదు మాత్రం ఒక్కటే. ప్రతి రంగునూ ఒకటి నుంచి ఐదు దాకా వరుసగా బల్ల మీద పేర్చాలి. ఐదు రంగులూ పూర్తయితే 25 మార్కులు, అంతకు మించి లేదు. చిన్నపిల్లల ఆటలాగుంది కదా? తిరకాసు ఒక్కటే. మీ పత్తాలు మీకు కనపడవు. వీపు మీవైపు, మొహం అవతలివాళ్ల వైపు పెట్టి పట్టుకోవాలి. మీ చేతిలో ఏముందో బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు, మీకు తప్ప. మన ఇండ్లలో చాలా సంగతులు ఇట్లాగే ఉంటాయని మా ఆవిడ అన్నది.

వంతు వచ్చినప్పుడు మూడు పనుల్లో ఒకటి చేయాలి. ఒకరికి సూచన ఇవ్వవచ్చు. "ఇది, ఇది ఎరుపు" అనో, "ఈ ఒక్కటీ మూడు" అనో, ఒక రంగు గానీ ఒక అంకె గానీ చెప్పి, అలాంటివి ఆ మనిషి చేతిలో ఎన్ని ఉంటే అన్నీ చూపాలి. ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు. సూచనకు ఒక నీలం బిళ్ల ఖర్చు. అవి ఎనిమిదే. రెండో పని, ఒక పత్తా పారేయడం. పారేస్తే ఒక బిళ్ల తిరిగొస్తుంది, కానీ ఆ పత్తా మళ్లీ రాదు. మూడో పని, ధైర్యం చేసి బల్ల మీద వేయడం. వరుసకు సరిపడితే సరే, లేకపోతే తప్పు. మూడో తప్పుకు ఆట మొత్తం పేలిపోతుంది, అప్పటిదాకా పేర్చింది లెక్కలోకి రాదు.

లెక్కలు ఇష్టమున్నవాళ్లకు ఒక మాట. నలుగురు ఆడితే తలా నాలుగు పత్తాలు, కట్టలో 34 మిగులుతాయి. చివరి పత్తా ఎత్తాక ప్రతివాళ్లకూ ఒక్కో వంతు ఉంటుంది. అంటే వేసేవీ పారేసేవీ కలిపి 38కి మించవు. అందులో 25 బల్ల మీద పేరాలంటే పోగొట్టుకునేందుకు ఉన్నవి 13 మాత్రమే. హప్తాలో ఇంటి ఖర్చు పోను మిగిలే పైసల్లాగ, చూసి చూసి వాడాలి.

ఇక అసలు కష్టం నోటితో. నియమాల పుస్తకాన్ని గట్టిగా పట్టుకుంటే, సూచన ఇచ్చే వంతులో తప్ప ఎవరికీ ఏ సమాచారమూ ఇవ్వకూడదు. ఇంట్లో ఆడుకునేవాళ్లు ఎంత మాట్లాడుకోవాలన్నది తమకు నచ్చినట్టు పెట్టుకోవచ్చని ఆ పుస్తకమే ఒప్పుకుంటుంది. ఇంట్లో అయితే బాగానే ఉంటుంది. 24 మంది ఆరు బల్లల దగ్గర కూర్చుంటే కుదరదు. డబ్బు పందెంలో మోసం అత్యాశ వల్ల జరుగుతుంది. ఈ ఆటలో ప్రేమ వల్ల జరుగుతుంది. బిడ్డ చెయ్యి ఒక్కటే ఉన్న ఐదు మీదికి పోతుంటే ఏ తల్లి మొహం ఊరుకుంటుంది చెప్పండి? "అయ్యో అంటె గూడ తప్పేనా?" అని ఒక పెద్దమ్మ అడిగింది. తప్పే పెద్దమ్మా.

మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. సాంచాల మోతలో ముప్పై నలభై ఏండ్లు పనిచేసినవాళ్లకు నోటికంటే చేతులు, కనుబొమ్మలు ఎక్కువ మాట్లాడుతాయి. పోగు తెగిందని, కండె అయిపోయిందని, సేట్ వస్తున్నాడని, చాయ్‌కి పోదామని అన్నీ సైగల్లోనే. ఇది మన ఒక్కరి విద్య కాదు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ బట్టల మిల్లుల ఆడకూలీలు పెదవులు కదిపి, చేతులు తిప్పి మాట్లాడుకునే పద్ధతికి అక్కడ 'మీమా' అని పేరే ఉండేది. ఇటువంటివాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి సైగలు వద్దంటే, చేపను ఈదొద్దన్నట్టే.

అందుకని పోటీకి వారం ముందే నియమాలు తెలుగులో రాసి గోడకు అంటించాను. పుస్తకంలో ఉన్నవి నల్ల సిరాతో, మేం కలిపినవి ఎర్ర సిరాతో. దగ్గు, నిట్టూర్పు, కంటిసైగ, కుర్చీ జరపడం ఏదైనా సరే, ఆటలో ఉన్న పత్తా గురించి చెప్పినట్టు కనబడితే ఒక నీలం బిళ్ల పోతుంది. ఇది ఎరుపు. పారేసిన పత్తాలు బల్ల మీద అందరికీ కనబడేట్టు ఉంటాయి, ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఇది నలుపు. లేని రంగు గురించి "నీ దగ్గర ఎరుపు లేదు" అనే సూచన ఇవ్వకూడదు. ఎరుపే. ఏది పుస్తకానిదో ఏది మాదో తెలిస్తేనే తగాదాకు విరుగుడు దొరుకుతుంది.

డబ్బా ఒక్కటే ఉంది, బల్లలు ఆరు. మిగతా ఐదు కట్టలు మేమే చేశాం, చీరల డబ్బాల అట్ట కోసి. రంగులకు కార్ఖానాలో మిగిలిన దారం ముక్కలు అంటించాం. ఎరుపు పచ్చ తేడా తెలియని కండ్లుంటాయి కాబట్టి ఒక్కో రంగుకు ఒక గుర్తు కూడా గీశాం. వీపులన్నీ ఒకేలా ఉండాలి, మూల ఒక్కటి నలిగినా ఆ పత్తా దొంగే. 250 పత్తాలకు మూడు రాత్రులు పట్టింది.

అదృష్టం ఒక బల్లకు ఎక్కువ, ఒక బల్లకు తక్కువ కాకుండా ఒక పని చేశాం. బ్రిడ్జి పోటీల్లో ఒకే పంపకాన్ని బల్ల తర్వాత బల్ల ఆడిస్తారు. అదే పద్ధతి. ఒక కట్టను బాగా కలిపి, ఆ 50 పత్తాల వరుసను కాగితం మీద రాసి, మిగతా కట్టలన్నీ అదే వరుసలో పేర్చాం. ప్రతి బల్ల దగ్గర సరిగ్గా నలుగురే. పేర్చినవాళ్లు ఆడకూడదు. రెండో వరుస ఒకటి రాసి జేబులో పెట్టుకున్నాను. అవసరం పడింది.

ఆట మొదట ఎవరిదన్నదానికి పుస్తకం చెప్పేది వింటే నవ్వొస్తుంది. అందరికంటే రంగురంగుల బట్టలు వేసుకున్నవాళ్లది. బట్ట నేసేవాళ్ల మధ్య ఈ నియమం పెడితే ఏమవుతుంది? ఒక బల్ల దగ్గర అంచు రంగులు లెక్కలోకొస్తాయా, రావా అని పావుగంట వాదన.

మూడో బల్ల దగ్గర ఒక తాత కూర్చున్నాడు. నలభై ఏండ్లు సాంచాలు నడిపిన మనిషి. చెవులు దాదాపు పోయాయి. ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను: మోత వల్ల వచ్చే చెవుడును 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో రోగాల్లో ఒకటిగా రాసి ఉండేది. వయసు మీద పడిందిలే అని వదిలేయకుండా మన పడుచు పిల్లల చెవులైనా పరీక్ష చేయించండి. తాతతో మనవరాలు, బీడీలు చుట్టే ఒక అత్త, మాల్ మోసే ఒక తమ్ముడు ఉన్నారు. సూచన నోటితో చెబితే తాతకు వినబడదు. మనవరాలు వేళ్లు చూపించి, పత్తా తట్టి చెప్పింది. పక్క బల్ల నుంచి ఒకతను లేచి, "సైగలు చేస్తున్నరు, బిళ్ల తీసెయ్యిరి!" అని అరిచాడు.

అతను అన్నది గోడ మీద రాసిందే. ముసలాయన కదా పోనిమ్మని కొందరు. పోనిస్తే రేపు ప్రతి బల్లకూ ఒక చెవిటి తాత దొరుకుతాడని కొందరు. తాతకు ఏం జరుగుతున్నదో అర్థమై, పత్తాలు బల్ల మీద బోర్లించి లేవబోయాడు. పెండ్లిళ్లలో ఆయన ఎప్పుడూ అట్లాగే లేచిపోతాడని మనవరాలు తర్వాత చెప్పింది. అరిచి మాట్లాడే ఓపిక ఎవరికీ ఉండదు కదా.

నేను పుస్తకం మళ్లీ చదివాను. అది కట్టడి చేసేది ఎంత చెప్పవచ్చన్నది. ఒక రంగు, లేదా ఒక అంకె. దేనితో చెప్పాలన్నది మనం తేల్చుకోవచ్చు. అయితే ఒక్క బల్లకు ఒక దారి, మిగతావాటికి ఒక దారి ఉండకూడదు. అన్ని ఆటలూ ఆపించాను. కార్ఖానా నుంచి ఐదు రంగుల కండెలు, బడి పిల్లల పలకలు తెప్పించాను. ఇప్పటి నుంచి ఆరు బల్లల దగ్గరా సూచన ఒకటే తీరు: కండె ఎత్తాలి, లేదా పలక మీద అంకె చూపాలి, ఆ పత్తాలు తాకాలి. నోరు ఎవరూ తెరవొద్దు. చాయ్ తాగేలోపు జేబులోని రెండో వరుస ప్రకారం కట్టలు పేర్చి మళ్లీ మొదలుపెట్టాం. అరిచిన మనిషే వచ్చి పలకలు పంచాడు.

ఆ తర్వాత హాలులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మన జనం 24 మంది ఒకచోట గంటసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. తాతకు మాత్రం అది మామూలే. మిగతావాళ్లు కండె ఎత్తడం మరచి నోరు తెరవబోయి ఆగుతుంటే, ఆయన చెయ్యి తడబడలేదు.

అన్నిటికంటే ఎక్కువ తెచ్చింది బీడీలు చుట్టే నలుగురు ఆడవాళ్ల బల్ల, 21. వెయ్యి బీడీల లెక్క మనసులో పెట్టుకొని, చేతులతో పని చేస్తూ, పక్కింటి ముచ్చట వినేవాళ్లకు ఏ పత్తా ఎప్పుడు చేతికొచ్చిందో గుర్తుండటం ఎంత పని? తాత బల్లకు 19. మిగతావాటికి 17, 14, 11. ఒక బల్ల మూడో తప్పుతో పేలిపోయింది, సున్నా. అందులో ఉన్నది పుణె నుంచి డబ్బా తెచ్చిన మా అల్లుడే. మొత్తం 150కి 82. ఆ అంకెను వాచనాలయం పలక మీద రాసి ఉంచాం. వచ్చే నెల దాన్ని దాటాలి.

తాత ఇప్పుడు సాయంత్రాలు వాచనాలయానికి వస్తున్నాడు. పలక సంకలో ఉంటుంది. ఆ రోజు తమ బల్ల దగ్గర రెండో తెల్ల నాలుగు పారేసింది ఎవరన్నది ఆయనకు ఇంకా తేలలేదు. అది పోవడం వల్లే తెలుపు మూడు దగ్గర ఆగిందని ఆయన లెక్క. మాల్ మోసే తమ్ముడేనని ఆయన అంటాడు, కాదు తాతా నువ్వేనని మనవరాలు పలక మీద రాస్తుంది. ఆయన తుడిచేస్తాడు.