కురిక్యాల: ఒక గ్రామం, ఒక గుట్ట, ఒక శాసనం

స్థానిక చరిత్ర అనగానే రాజుల వంశావళి అవసరమనుకోనక్కరలేదు. ఊరి పక్కనున్న గుట్ట, చెరువు, ఊరివాళ్లు వాటిని పిలిచే పేర్లు కూడా ఆధారాలే. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల ఇందుకు మంచి ఉదాహరణ.

ఈ గ్రామ సమీపంలోని రాతిగుట్టను జనం బొమ్మలగుట్ట, బొమ్మలమ్మగుట్ట అంటారు. బండపై చెక్కిన ప్రధాన శిల్పం ఎనిమిది చేతుల చక్రేశ్వరి. ఈమె మొదటి జైన తీర్థంకరుడైన వృషభనాథుని యక్షిణి. చుట్టూ తీర్థంకరుల ప్రతిమలున్నాయి. జైనం ఈ ప్రాంతంలో ఎన్నడో మరుగునపడింది. ఆ రాతి దేవత మాత్రం ఊరివాళ్లకు 'బొమ్మలమ్మ'గా మిగిలింది. మతం మారినా చోటు మీది భక్తి మారకపోవడం గ్రామచరిత్రలో తరచు కనిపించే విషయమే.

శిల్పాల కిందనే శాసనం ఉంది. వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానకవి, క్రీ.శ. 941 ప్రాంతంలో రాసిన 'విక్రమార్జున విజయం'లో ఆ రాజునే అర్జునుడితో పోల్చాడు. ఈ సంబంధాన్ని బట్టి శాసనకాలాన్ని సుమారు 945గా నిర్ణయించారు.

జినవల్లభుడు ఇక్కడ త్రిభువనతిలకమనే బసదిని కట్టించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు, కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు. చెరువు పేరును గమనించండి. 'కవితాగుణార్ణవుడు' అన్నది పంపని బిరుదు. అన్న బిరుదును తమ్ముడు చెరువుకు పెట్టాడన్నమాట! రాజుపేరు పెట్టడమే మామూలైన కాలంలో ఇది అరుదైన సంగతి.

శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో ఉంది. రాజాస్థానంలో కన్నడానికి గౌరవం ఉన్నా, చుట్టుపక్కల ప్రజల భాష తెలుగు కాబట్టే మూడో భాషకు చోటు దొరికిందని భావించవచ్చు. తెలుగు భాగంలోనివి మూడు కందపద్యాలు. నన్నయ భారతరచన పదకొండవ శతాబ్దిలో, రాజరాజనరేంద్రుని కాలంలో జరిగింది. అంటే అంతకు సుమారు నూరేళ్ల ముందే కందం ఇంత చక్కగా నడిచింది. పద్యం నన్నయతో ఒక్కసారిగా పుట్టలేదనడానికి అద్దంకి, బెజవాడ శాసనాలతో పాటు ఇదీ సాక్ష్యం. అందుకే 2008లో తెలుగుకు ప్రాచీనభాష హోదా వచ్చిన సందర్భంలో కురిక్యాల పేరు మళ్లీ మళ్లీ వినిపించింది.

కరీంనగర్ గ్రానైట్‌కు విదేశాల్లో గిరాకీ ఎక్కువ. గుట్టలు ఒక్కొక్కటే పలకలుగా మారి ఓడలెక్కుతున్నాయి. తవ్వకాల వల్ల బొమ్మలగుట్టకు ముప్పుందని చరిత్రాభిమానులు ఆందోళన చెందారు. రాతప్రతి పోతే ఎక్కడో మరో ప్రతి దొరకవచ్చు. శాసనానికి ఆ అవకాశం లేదు. దాని అచ్చుప్రతి పుస్తకంలో మిగిలినా, ఆ పద్యాల పైనున్న చక్రేశ్వరి, ఆ బండ, ఆ చోటు అందులో ఉండవు.