ముక్కు వెంట రక్తం – ఊపిరితిత్తుల్లో అడ్డదారి

పిల్లవానికి ముక్కు వెంట రక్తం కారితే "వేడి చేసింది" అని తలమీద చన్నీళ్లు పోస్తాము. చాలాసార్లు అది చిన్న విషయమే. అయితే తాతకు, తండ్రికి, బిడ్డకు కూడా తరచు అలాగే కారుతుంటే, దానిని వేడి అని వదిలిపెట్టరాదు. ఆ కుటుంబంలో అందరికీ ఊపిరితిత్తులు చూపించాలి.

ఎందుకంటే, దేహమంతా తిరిగివచ్చిన రక్తాన్ని గుండె ఒక ధమని ద్వారా ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ వెంట్రుక కంటె సన్నని నాళాలలో అది ప్రాణవాయువును పుచ్చుకొని, సిర ద్వారా తిరిగి గుండెకు చేరుతుంది. ఆ సన్నని నాళాలు జల్లెడ వంటివి కూడా. చిన్న రక్తపు గడ్డలను, క్రిములను అవే ఆపుతాయి. కొందరిలో ధమని నేరుగా సిరలో కలిసిపోతుంది. పంటబోదెలోని నీరు మడికి పారకుండా గండిపడి మురుగుకాలువలో పడినట్లే.

దానివలన ఆయాసం, పెదవులు నీలమగుట, వేళ్ల కొనలు ఉబ్బుట కలుగవచ్చు. కొందరికి పడుకుంటే హాయిగా ఉండి, లేచి కూర్చుంటే ఆయాసం పెరుగుతుంది. అసలు భయం మెదడుకు. జల్లెడ తప్పించుకున్న గడ్డ పక్షవాతం తెస్తుంది, క్రిములు మెదడులో చీముగడ్డ కట్టిస్తాయి. ఏ బాధా లేని మనిషికి ఇదే మొదటి గుర్తు కావచ్చు.

ఇటువంటివారిలో ఎక్కువమందికి మూలం హెచ్.హెచ్.టి. అనే వంశపారంపర్య వ్యాధి. పెదవులు, నాలుక, వేళ్ల మీద ఎర్రని చుక్కలుంటాయి. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ఇంటిమీద శాపమని ఎవరైనా అంటే నమ్మకండి. ఇది ఎవరి పాపఫలమూ కాదు.

పరీక్ష కష్టమైనది కాదు. బాగా కుదిపిన సెలైన్‌ను చేతి నరంలోకి ఎక్కించి గుండెకు ఎకో తీస్తారు. మంచి ఊపిరితిత్తులు ఆ బుడగలను ఆపివేస్తాయి. మూడు నాలుగుసార్లు గుండె కొట్టుకొన్న తరువాత అవి ఎడమవైపు కనబడితే అడ్డదారి ఉందని అనుమానించి, సి.టి. స్కాన్‌తో చోటు తెలుసుకుంటారు. ఎక్స్‌రేలో మచ్చ, దగ్గులో రక్తం చూచి క్షయ అని పొరబడుట కూడా కద్దు. ఆ మచ్చలోనికి సూది గుచ్చి ముక్క తీయుట మిక్కిలి ప్రమాదం.

పూర్వం రొమ్ము కోసి ఊపిరితిత్తి భాగాన్ని తీసివేసేవారు. 1977లో జర్మనీ వైద్యుడు పోర్స్ట్‌మన్ కోత లేని మార్గం ప్రకటించాడు. గజ్జలలోని సిర నుండి సన్నని గొట్టాన్ని గుండె మీదుగా పంపి, అడ్డదారికి రక్తమిచ్చే ధమనిని లోహపు చుట్టతో గాని ప్లగ్గుతో గాని మూసివేస్తారు. సామాన్యంగా ఆ ధమని 2–3 మిల్లీమీటర్లు లేక అంతకంటె వెడల్పైతే మూయిస్తారు. మూసినది మరల తెరచుకోవచ్చు గనుక కొన్ని నెలలకు ఒకసారి, ఆ పిమ్మట కొన్నేండ్లకొకసారి స్కాన్ తప్పదు.

ఈ జబ్బున్నవారు పన్ను పీకించుకొనే ముందు డాక్టరు సలహాతో యాంటీబయాటిక్ వేసుకోవాలి. సెలైన్ గొట్టంలో గాలిబుడగ లేకుండా చూడమని నర్సుకు చెప్పాలి. గర్భిణికి ఈ అడ్డదారి చిట్లి రొమ్ములో రక్తం నిండవచ్చు. అందుచేత అటువంటి ఇంటి ఆడపిల్లకు వీలైతే గర్భం రాకముందే పరీక్ష చేయించండి. గర్భిణి అయితే నెలలు నిండేవరకు ఆగక డాక్టరుకు సంగతి చెప్పండి.