కవలలకు మాయ ఒకటా, రెండా?

వేంపల్లె: కడుపులో కవలలున్నారని తెలియగానే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. జంట అరటిపండు తిన్న ఫలమని పెద్దవాళ్లు నవ్వుతారు. స్కానింగు కాగితంలో ఇంకో మాట చూసుకోవాలని మాత్రం కొద్దిమందికే తోస్తుంది. బిడ్డలిద్దరికీ మాయ ఒకటా, రెండా అన్నదే ఆ మాట.

మాయలు రెండుంటే ఎవరి పోషణ వారిది. ఒకే అండం చీలి ఏర్పడిన కవలల్లో మూడింట రెండు వంతుల జంటలకు మాయ ఒక్కటే. ఒకే బోరు కింద రెండు కయ్యలున్నట్లన్నమాట. ఆ మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఇలాంటి గర్భాలు వంద ఉంటే పది, పదిహేనింటిలో పారుదల తప్పి, ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు మళ్లుతుంది. ఇచ్చే బిడ్డ చిక్కిపోతుంది, చుట్టూ ఉమ్మనీరు ఇంకిపోతుంది. పుచ్చుకునే బిడ్డయినా బాగుంటుందా అంటే అదీ లేదు. ఎక్కువైన రక్తాన్ని తోడలేక గుండె అలసిపోతుంది, ఉమ్మనీరు మితిమీరుతుంది. నాలుగో నెల మొదలు ఆరో నెల దాకా దీని భయం ఎక్కువ. ముదిరాక వైద్యం అందకపోతే చాలామటుకు ఇద్దరూ దక్కరు.

నాలుగైదు రోజుల్లోనే కడుపు బిగుసుకుని పెరగడం, ఆయాసం, పడుకోలేకపోవడం తల్లికి కనిపించే గుర్తులు. "కవలలు గదా, కడుపు పెద్దగానే ఉంటాది" అని ఇంట్లో ఆడవాళ్లు సర్దిచెప్పేది సరిగ్గా ఇక్కడే. అలా పోయే వారం రోజులు తిరిగి రావు.

మాయ సంగతి 11 నుంచి 14 వారాల మధ్య తీసే స్కానింగులో బాగా తెలుస్తుంది. తర్వాత తేల్చడం కష్టం. ఆడా, మగా అని చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. మాయ గురించి అడగడం నేరం కాదు, నోరు తెరిచి అడగాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే పథకం 2016లో వచ్చింది. మాయ ఒకటేనని తేలితే 16వ వారం నుంచి పదిహేను రోజులకొక స్కానింగు తప్పదు. కూలి పోతుందనో, బస్సు ఛార్జీ కనో ఒక్కటి కూడా మానరాదు.

పూర్వం సూదితో ఉమ్మనీరు తీసేవారు. 1988లో అమెరికా వైద్యుడు జూలియన్ డీలియా సన్నని గొట్టాన్ని గర్భసంచిలోకి పంపి, కలిసిన నాళాలను లేజరుతో మూసివేశారు. 142 మంది గర్భిణులలో రెండు పద్ధతులనూ పోల్చిన యూరప్ వైద్యుల ఫలితాలు 2004లో వెలువడ్డాయి. లేజరు చేసినవారిలో నూటికి 76 మందికి కనీసం ఒక బిడ్డ దక్కగా, నీరు తీసినవారిలో 56 మందికే దక్కింది. అందరికీ లేజరు అవసరం రాదు, తొలి దశలో డాక్టర్లు కనిపెట్టుకుని ఉండడమూ కద్దు. అవసరమైతే హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వంటి నగరాలకు పోవాలి. దూరం, ఖర్చు రెండూ భారమే. అందుకే అనుమానం రాగానే కడప రిమ్స్‌లో చూపించి, ఎక్కడికి పోవాలో రాయించుకోవడం మేలు.

ఏ చిక్కూ లేకపోయినా ఒకే మాయ కవలలకు నెలలు పూర్తిగా నిండేదాకా ఆగరు, 36, 37 వారాలకే కానుపు చేస్తారు. ఇంటి దగ్గర కానుపు మాటే వద్దు. అద్దాల పెట్టె, రక్తం సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. రక్తమిచ్చే బంధువులతో ఎనిమిదో నెల రాకముందే మాట్లాడుకోవాలి. నొప్పులు గానీ, రక్తం గానీ కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయాలి.