మోకాలికి కరెంటు సూది: నొప్పి తగ్గితే చాలదు, నడక మారాలి

నాట్లు, కలుపుతీత, మూటల మోత. ఏళ్ల తరబడి ఈ పనులు చేసిన వారికి నడివయసు దాటేసరికి మోకాళ్లు పట్టేస్తుంటాయి. గట్టు ఎక్కాలన్నా, కింద కూర్చుని లేవాలన్నా ప్రాణం మీదకొస్తుంది. దీనికి మాత్రలతో పాటు ఎలక్ట్రో ఆక్యుపంక్చర్, అంటే కరెంటు సూది వైద్యం కూడా ఉంది. డబ్బు, పనిదినాలు ఖర్చుపెట్టే ముందు అది ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోండి.

అరుగుదల ఇలా..

బండి ఇరుసు కాస్త వంగితే చక్రం ఒక పక్కే అరుగుతుంది. మోకాలూ అంతే. ఎముకల చివర మెత్తని మృదులాస్థి ఉంటుంది. నడిచేటప్పుడు బరువు ఎక్కువగా మోకాలి లోపలి పక్కన పడుతుంది. అందుకే చాలామందికి ముందు అక్కడే అరుగుతుంది. కొందరికి దొడ్డికాళ్లు వస్తాయి. నొప్పికి భయపడి అడుగు చిన్నగా వేస్తాం, మోకాలు వంచకుండా బిగబట్టి నడుస్తాం. దాంతో తొడ కండ బలం తగ్గుతుంది. కండ తగ్గితే కీలుకు ఆసరా పోయి నొప్పి ఇంకా పెరుగుతుంది.

సూది ఏం చేస్తుంది?

మోకాలి చుట్టూ సన్నని సూదులు గుచ్చి, వాటికి చిన్న యంత్రం ద్వారా అతి తక్కువ కరెంటు అరగంట సేపు ఇస్తారు. చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. నొప్పి కబురు మెదడుకు చేరకుండా ఇది కొంత అడ్డుకుంటుంది. అరిగిన మృదులాస్థిని మాత్రం తిరిగి పెంచదు.

చైనాలో 480 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు చికిత్స చేశారు. కరెంటు సూది వేసిన ప్రతి 100 మందిలో సుమారు 60 మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి చికిత్స పొందిన వారిలోనూ 47 మందికి గుణం కనిపించింది. అంటే మేలు ఉంది గానీ గొప్పగా లేదు. పైగా 24 సార్లు వెళ్లాలి. ఆ బస్సు చార్జీలు, పోయే కూలి కూడా లెక్కలో వేసుకోండి.

అసలు జాగ్రత్త ఇక్కడే

నొప్పి చేనుకు కాపలాదారు లాంటిది. అమెరికాలో 1993లో వెలువడిన ఒక పరిశోధనలో, మాత్రలతో నొప్పి తగ్గినవారు నడిచేటప్పుడు మోకాలిపై భారం పెరిగినట్టు తేలింది. సూదితో నొప్పి తగ్గినా ఇదే జాగ్రత్త పాటించడం మంచిది. ఉపశమనం దొరికింది కదా అని మర్నాడే బస్తా ఎత్తకండి. ఆ రోజుల్ని కండ పెంచుకోవడానికి, నడక సరిచేసుకోవడానికి వాడుకోండి.

ఖర్చు లేని పనులు

* అరుగు మీద కూర్చుని కాలు నిటారుగా చాచి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా చేయండి.
* కుడి మోకాలు నొప్పయితే చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోండి. ఎడమదైతే కుడి చేత్తో. నొప్పి ఉన్న వైపే పట్టుకోవడం పొరపాటు.
* ఒళ్లు బరువుంటే తగ్గించండి. కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.
* కలుపు తీసేటప్పుడు గొంతుక్కూర్చోకుండా పీట వేసుకోండి. వీలైతే నిలబడి నడిపే కలుపు పరికరం వాడండి. బస్తాను రెండు సగాలు చేసి మోయండి.

వీరు తొందరపడొద్దు

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు కరెంటు సూది వేయించుకోకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు ముందుగా డాక్టరును అడగాలి. సూదులు కొత్తవై, మీ ఎదుటే సీలు విప్పాలి. మోకాలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా సూది జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కరెంటు సూది వేయించుకున్నా, మానుకున్నా మీ ఇష్టం. తొడ కండ వ్యాయామం మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి.