చలించు వాయువు – దూరదర్శిని వ్యాసము

దూరదర్శిని శక్తికి మూలము దాని వస్తుకటకము లేక దర్పణము యొక్క వ్యాసము. వెలుగును గ్రహించు శక్తి వ్యాసము యొక్క వర్గమును బట్టియు, సన్నిహిత బిందువులను విడదీసి చూపు శక్తి వ్యాసమును బట్టియు పెరుగును. 100 మిల్లీమీటర్ల పరికరముకంటె 200 మిల్లీమీటర్లది నాలుగు రెట్లు వెలుగును గ్రహించును. ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రవేత్త డాస్ నియమము చొప్పున మొదటిది 1.16 వికలల ఎడము గల జంట నక్షత్రములను విడదీయగా, రెండవది 0.58 వికలల ఎడము గలవానిని సైతము విడదీయగలదు. వికల యనగా డిగ్రీలో 3,600వ భాగము.

అయితే ఈ లెక్క నిశ్చలాకాశమునకే చెల్లును. వేడిమి సమముగా లేని వాయురాశులు ఒకదానితో నొకటి కలియునపుడు వాని వక్రీభవన గుణము చోటుచోటునకు మారుచుండుటచే, నక్షత్రము నుండి సమతలముగా వచ్చిన కాంతితరంగము నేలకు చేరులోపల ముడుతలు పడును. ఉన్నత పర్వతశిఖరములందలి ప్రశాంత వాయువే దీనికి తరుణోపాయమని న్యూటన్ 1704లో ప్రకటించిన దృక్శాస్త్ర గ్రంథముననే సూచించెను. ముడుత పడని తరంగఖండము సామాన్య స్థలములందు సుమారు 10 సెంటీమీటర్లు, ఉత్తమ స్థలములందు 20 సెంటీమీటర్ల మేర యుండును.

అందుచేత 80 మిల్లీమీటర్ల దూరదర్శినిలో శనిగ్రహము అటునిటు కదలును గాని రూపు చెదరదు. 300 మిల్లీమీటర్ల దానిలో అనేక ఖండములు ఒక్కసారిగా ప్రవేశించుటచే బింబపు టంచు ఉడుకునీటి వలె కుతకుతలాడును, వలయముల నడుమ నల్లని గీతగా నున్న కస్సీని విభాగము మాసిపోవును. దీనిని చూచియే చెడురాత్రి చిన్నదే మేలని కొందరందురు. కాని కంటికి ఇంపుగా నుండుట వేరు, వివరము చూపుట వేరు. ఓపికతో కాచుకొన్న వానికి, గాలి క్షణకాలము నిలుకడ చెందగనే ఆ నల్లని గీత వలయము పొడవునను స్పష్టముగ తోచి మరల మరుగగును. ఆ క్షణమున పెద్ద దర్పణము చూపు సూక్ష్మరేఖలను చిన్నది ఏనాటికిని చూపజాలదు.

పట్టణ దీపకాంతి వేరొక దోషము. వ్యాసము పెరిగినపుడు నీహారిక వెలుగుతో బాటు ఆకాశపు వెలుగును అదే పాళ్లలో చేరుటచే ఆ రెంటి తారతమ్యము పెరుగదు. బిందుప్రాయములైన నక్షత్రములు మాత్రము, వర్ధనము హెచ్చించినకొలది నల్లబడు ఆకాశముపై మరింత స్ఫుటముగ కనబడును.

లడఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల దూరదర్శినిని సుమారు 4,500 మీటర్ల యెత్తున నెలకొల్పుటకు కారణము అచటి పొడిగాలియు చీకటియునే. ఆ యెత్తు మనకు అందకున్నను, మోయగలిగినంత పెద్ద వ్యాసమునే ఎన్నుకొని, దర్పణమును గంట ముందుగా వెలుపల చల్లారనిచ్చి, పగటి వేడిని వెలిగ్రక్కు డాబాను విడిచి పచ్చికనేలపై నిలిపి, గ్రహము నడినెత్తికి వచ్చినపుడు చూడుడు. గాలి చలించు రాత్రి వర్ధనమును తగ్గించుడు.