మొక్కు, గురువు, నోరు విప్పిన విశ్వాసి

మలేసియా కతోలికులు అల్పసంఖ్యాకుల్లో ఒక భాగం. 2020 జనగణన ప్రకారం ఆ దేశంలో ముస్లింలు 63.5 శాతం, క్రైస్తవులు అన్ని శాఖలూ కలిపి 9.1 శాతం. కతోలికుల్లో ఎక్కువమంది బోర్నియో ద్వీపంలోని సబా, సరావక్ రాష్ట్రాల స్థానిక తెగలవారు. కౌలాలంపూర్, పినాంగ్ ఉన్న ద్వీపకల్పంలో మాత్రం చైనీయులు, తమిళులు, యూరేషియన్లు కలగలిసి ఉంటారు. ఒకే గుడిలో ఇంగ్లీషు, తమిళం, మాండరిన్, మలయ్ భాషల్లో విడివిడిగా పూజలు జరగడం అక్కడ మామూలే.

ఇన్ని భాషలవారినీ ఒక్కచోటికి చేర్చేది భక్తి. పినాంగ్ రాష్ట్రంలోని బుకిత్ మెర్తాజమ్ పట్టణంలో మరియమాత తల్లి పునీత అన్నమ్మ పేరిట ఒక క్షేత్రం ఉంది. 1846లో కొండ మీద కట్టిన చిన్న ప్రార్థనాలయంతో అది మొదలైంది. 1888లో గుడి వెలిసింది. 2002లో పెద్ద ఆలయం కట్టారు. 2019లో రోము దానికి బసిలికా హోదా ఇచ్చింది. ఏటా జూలై 26న పండుగ. అంతకుముందు నవదిన ప్రార్థనలు, రాత్రివేళ కొవ్వొత్తుల ఊరేగింపు జరుగుతాయి. పొరుగున ఉన్న సింగపూర్, థాయ్‌లాండ్‌ల నుంచీ జనం వస్తారు. ఊట నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్తారు, పిల్లల కోసం, జబ్బుల కోసం మొక్కుకుంటారు. వచ్చేవారిలో హిందువులు, బౌద్ధులు కూడా చాలామంది ఉంటారు. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండ దగ్గర ఇసుక వేస్తే రాలని జనాన్ని చూసినవారికి ఇదేమీ కొత్తగా తోచదు. ఇలాంటి భక్తికి గురువు అనుమతి అక్కర్లేదు. మొక్కు భక్తుడిది, తీర్చుకోవడమూ భక్తుడి పనే. చదువుకున్న కతోలికులు కొందరు దీన్ని మూఢత్వమని చిన్నచూపు చూస్తారు గానీ, సామాన్యుడు తన మతాన్ని తన చేతుల్లోకి తీసుకున్న మొదటి చోటు ఇదే.

మిగతా విషయాల్లో గురువు మాటే మాటగా సాగింది. దివ్యబలి పూజ అర్పించేదీ, పాపసంకీర్తనం వినేదీ ఆయనే కాబట్టి ఆ గౌరవం సహజమే. పెద్దలకు ఎదురు చెప్పకూడదనే చైనా, తమిళ కుటుంబాల పెంపకం కూడా దానికి తోడైంది. ఈ అలవాటును కదిలించింది సామాన్యుల తిరుగుబాటు కాదు, గురువుల కొరత. విదేశీ మిషనరీల నివాసంపై మలేసియా ప్రభుత్వం ఆంక్షలు పెట్టడంతో ఫ్రెంచి గురువుల మీద ఆధారపడిన విచారణలకు (పారిష్‌లకు) ముందుచూపు తప్పనిసరైంది. 1976 ఆగస్టులో ద్వీపకల్పంలోని బిషప్పులు, గురువులు నెలరోజులపాటు పినాంగ్‌లో సమావేశమయ్యారు. ఆ నెల విచారణలు విశ్వాసుల చేతుల్లోనే నడిచాయి. అప్పటి నిర్ణయాల నుంచే ఇరుగుపొరుగు కుటుంబాలు ఇళ్ళలో కలుసుకుని పరిశుద్ధ గ్రంథం చదువుకునే చిన్న సంఘాలు పెరిగాయి. అక్కడ వాటిని బీఈసీలు అంటారు. కుర్చీలు గుండ్రంగా వేసుకున్న గదిలో గురువు కూడా ఒక కుర్చీలోనే కూర్చోవాలి. మాట్లాడటం అక్కడ అలవడింది.

శ్రీసభ చట్టం దీనికి అడ్డు చెప్పదు. 1983 చట్టస్మృతిలోని 212వ సూత్రం ప్రకారం, శ్రీసభ మేలుకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయాన్ని కాపరులకూ, తోటి విశ్వాసులకూ తెలియజేసే హక్కు విశ్వాసులకు ఉంది. కొన్నిసార్లు అది బాధ్యత కూడా. షరతులు ఏమిటంటే విశ్వాసానికి భంగం రాకూడదు, కాపరుల పట్ల గౌరవం తప్పకూడదు, అందరి మేలునూ వ్యక్తుల మర్యాదనూ గుర్తుంచుకోవాలి. అన్యాయంగా ఎవరి పేరూ చెడగొట్టరాదని 220వ సూత్రం చెబుతుంది. ఈ రెండూ కలిపి చదివితే గురువును విమర్శించడమే పాపమనే మాటకు ఆధారం దొరకదు. అది చట్టం కాదు, వాడుక.

మలేసియాలో మాటకు కట్టడి పడేది గుడి బయటే ఎక్కువ. 2009లో ఒక ముస్లిం పత్రిక విలేకరులు కతోలిక గుడికి వెళ్ళి, దివ్యసత్ప్రసాదం నోట్లో వేసుకుని బయటికి తీసి, ఆ ఫొటోను ప్రచురించారు. దాన్ని క్రీస్తు శరీరంగా నమ్మేవారికి ఇంతకు మించిన అవమానం లేదు. పోలీసులకు ఫిర్యాదు చేసింది పినాంగ్‌కు చెందిన సామాన్య కతోలికులే. 2010 మార్చిలో అటార్నీ జనరల్ కేసు పెట్టడం లేదని ప్రకటించారు. తర్వాత పత్రిక క్షమాపణ చెప్పింది.

అదే కాలంలో కతోలిక వారపత్రిక ‘హెరాల్డ్’ తన మలయ్ పేజీల్లో దేవుణ్ణి ‘అల్లా’ అని రాసే హక్కు కోసం కోర్టుకెక్కింది. సబా, సరావక్ విశ్వాసులు ప్రార్థించే మాటే అది. 2009 డిసెంబరు 31న హైకోర్టు పత్రిక పక్షాన తీర్పిస్తే, 2010 జనవరిలో పలు చర్చిలపై దాడులు జరిగాయి. 2013 అక్టోబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2014 జూన్‌లో ఫెడరల్ కోర్టు 4-3 తేడాతో అప్పీలుకు అనుమతి నిరాకరించింది. ఇంత చూసినవారు ఇంటి తగవు వీధిలో పెట్టడానికి జంకడం అర్థం చేసుకోదగ్గదే. గురువు మీద రాసిన నాలుగు మాటలు బయటివారికి ఆయుధమవుతాయన్న భయం ఉత్తినే పుట్టలేదు. అయితే ఆ భయమే తప్పు చేసినవారికి కూడా గొడుగు పడుతుంది.

2020లో కరోనా ఆంక్షలతో పూజలు ఫోను తెరల మీదికి వచ్చాయి. ప్రసంగం విన్నవాడు కిందనే వ్యాఖ్య రాయగలిగే రోజులివి. ఇందులో గురువుకు ఒక చిక్కుంది. పాపసంకీర్తనంలో విన్నది ఆయన ఎన్నడూ బయటపెట్టకూడదు. దాని గురించి ఎవరైనా నింద వేస్తే జవాబిచ్చే దారి కూడా ఆయనకు లేదు. వ్యాఖ్య రాసేవాడు ఈ సంగతి తెలిసి రాయాలి. మరోవైపు 2023 మేలో వాటికన్ సామాజిక మాధ్యమాలపై వెలువరించిన పత్రం సామాన్యులనే తప్పుపట్టలేదు. బిషప్పులూ గురువులూ కూడా అక్కడ వాదులాటకు దిగుతున్నారని ఒప్పుకుంది.

లైంగిక వేధింపుల వంటి నేరాల విషయం వేరు. వాటికి ఫేస్‌బుక్ గోడ చాలదు, పోలీసు ఠాణా కావాలి. శ్రీసభ లోపల కూడా 2019 మేలో పోప్ ఫ్రాన్సిస్ కొత్త నియమావళి తెచ్చారు. దాని ప్రకారం ప్రతి మేత్రాసనంలోనూ జనం సులువుగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. గురువులు, మఠవాసులు తమ దృష్టికి వచ్చిన ఆరోపణను తెలియజేసి తీరాలి, సామాన్య విశ్వాసులూ తెలియజేయవచ్చు. 2023లో దాన్ని శాశ్వతం చేసి, వాటికన్ గుర్తింపు ఉన్న విశ్వాసుల సంఘాల్లో పెద్దలైన సామాన్యులకు కూడా వర్తింపజేశారు. ఫిర్యాదు చేసినవారిని ఆ విషయం గురించి మాట్లాడవద్దని కట్టడి చేయకూడదని ఆ నియమావళి స్పష్టంగా చెబుతోంది.