సీసా మీది చీటీ, కంప్యూటర్‌లో చిట్టా

పిల్లవాడు ఎలుకల మందు తిన్నాడని చేతుల మీద మోసుకొస్తారు. డ్యూటీ డాక్టరు గారు మొదట అడిగేది "ఏ మందు? డబ్బా తెచ్చారా?" అని. ఈ ప్రశ్నకు కొందరు కోప్పడతారు. పిల్లవాడి ప్రాణం ముఖ్యమా, కంపెనీ పేరు ముఖ్యమా అంటారు. వారి బాధ మాకు అర్థమవుతుంది. కాని ఆ పేరును బట్టే వైద్యం మారుతుంది.

మన అంగళ్లలో "ఎలుకల మందు" అని అడిగితే ఇచ్చేది ఒకే పదార్థం కాదు. కేకు ముక్కల్లా ఉండే వాటిలో సాధారణంగా బ్రోమాడయోలోన్ వంటి మందు ఉంటుంది. ఇది రక్తాన్ని గడ్డకట్టనీయదు. లక్షణాలు రెండు మూడు రోజుల తర్వాత గాని బయటపడకపోవచ్చు. విటమిన్ కె దీనికి విరుగుడు. ట్యూబులో పేస్టుగా వచ్చే కొన్ని రకాల్లో పసుపు భాస్వరం ఉంటుంది. ఇది తిన్నవారికి మొదట వాంతులై, తర్వాత ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టే కనిపించి, ఆపైన కాలేయం దెబ్బతింటుంది. దీనికి నేరుగా పనిచేసే విరుగుడు లేదు. బూడిద రంగు పొడిగా దొరికేది జింక్ ఫాస్ఫైడ్. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టిస్తుంది. మూడింటికీ అంగట్లో పేరు ఒక్కటే. "వాంతి అయింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు, పంపించండి" అని బంధువులు తొందరపెట్టినా, చీటీ చూడనిదే మేము పంపలేకపోవడానికి కారణం ఇదే.

చీటీ చదవడం పెద్ద చదువేమీ కాదు. పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చదరం లాంటి గుర్తు ఉంటుంది. 1971 నాటి కీటకనాశినుల నిబంధనల ప్రకారం దాని కింది సగంలోని రంగు విషం తీవ్రతను చెబుతుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, దాని తర్వాత పసుపు, ఆపైన నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ చూసి "ఇది ఏమీ చేయదులే" అనుకునేవారు ఉన్నారు. బిస్కెట్ ప్యాకెట్ మీద శాకాహారపు ఆకుపచ్చ చుక్క చూసిన అలవాటు కాబోలు. ఆకుపచ్చ గుర్తున్నదీ విషమే, కాకపోతే తీవ్రత తక్కువ.

ఇక ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో వాడే రసాయనాలకు వేరే గుర్తులున్నాయి. ఏ దేశం డబ్బా చూసినా ప్రమాదం ఒకే విధంగా తెలియాలని ఐక్యరాజ్యసమితి 2003లో ఒక పద్ధతి ప్రచురించింది. ఎర్ర అంచు చదరంలో మంట, పుర్రె, చేతిని తినేస్తున్న ఆమ్లం వంటి 9 బొమ్మలు అందులో ఉన్నాయి. ప్రతి రసాయనానికీ 16 భాగాల భద్రతా పత్రం కూడా ఉండాలి. అందులో 4వ భాగం ప్రథమ చికిత్స, 7వది నిల్వ చేసే తీరు, 10వది దేనితో కలిస్తే ప్రమాదమో చెప్పేది.

పెద్ద సంస్థలో ఇలాంటి పత్రాలు వందల్లో ఉంటాయి. ఫైళ్లలో పెడితే అవసరమైన వేళ దొరకవు. అందుకే ఇప్పుడు వీటికోసం ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారు. అవి చేసే పని వినడానికి చిన్నదే. ఆసుపత్రి స్టోరునే ఉదాహరణగా తీసుకుందాం. బ్లీచింగ్ ద్రావణం, ఫార్మలిన్, స్పిరిట్, ల్యాబులో వాడే జైలీన్, ఆమ్లాలు ఉంటాయి. ఒకే పదార్థాన్ని ఒకరు ఒక పేరుతో, ఇంకొకరు మరో పేరుతో పిలుస్తారు గనుక, ప్రపంచమంతటా చెల్లే సి.ఎ.ఎస్. నంబరు కింద కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. బ్లీచింగ్ ద్రావణంలోని సోడియం హైపోక్లోరైట్ నంబరు 7681-52-9. ఇందులో చివరి 9 ఊరికే పెట్టినది కాదు. దాని ముందున్న అంకెలను కుడి నుండి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5, 6తో గుణించి కలిపితే 119 వస్తుంది. అందులో చివరి అంకె 9. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పితే చాలాసార్లు లెక్క కుదరదు, అప్పుడు కంప్యూటర్ వెంటనే ఆపేస్తుంది. ఇంటర్ చదివే మన పిల్లలు కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

ఆ నంబరు ఎక్కాక మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. పెద్ద క్యాను నుండి చిన్న సీసాలోకి పోసినప్పుడు దాని పేరు, గాఢత, ప్రమాదపు బొమ్మ, కలిపిన తేదీ ఉన్న చీటీ ముద్రిస్తుంది. నీళ్లు కలిపిన బ్లీచింగ్ ద్రావణం బలం తగ్గిపోతుంది, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. అందుకే ఆ తేదీ అంత ముఖ్యం. బ్లీచింగునూ ఆమ్లాన్నీ ఒకే అరలో నమోదు చేస్తే హెచ్చరిస్తుంది, ఎందుకంటే అవి కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తయారీదారు భద్రతా పత్రాన్ని మారిస్తే ఏయే చీటీలు మళ్లీ అతికించాలో జాబితా ఇస్తుంది.

యూరప్‌లో ఇంకొక అడుగు ముందుకు వేశారు. ప్రమాదకరమైన మిశ్రమాల డబ్బాల మీద 16 అక్షరాల, అంకెల సంకేతం ముద్రిస్తున్నారు. తల్లి ఫోనులో ఆ సంకేతం చదివితే చాలు, లోపల ఏమేమి ఉన్నాయో విష సమాచార కేంద్రం వారి కంప్యూటర్‌లో కనబడుతుంది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుండి జాతీయ విష సమాచార కేంద్రం ఉంది. రాత్రి పగలు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. కాని వారైనా ముందు అడిగేది పేరే.

యంత్రం ఉంటే చాలదు అనడానికి మన తెలుగు నేల మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలనీ, అది తనలో తాను గడ్డకట్టి వేడెక్కకుండా టి.బి.సి. అనే నిరోధకం కలపాలనీ అందరికీ తెలిసిన విషయమే. ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ పరిశీలిస్తే, వేడిని ట్యాంకు అడుగు భాగంలోనే కొలిచారనీ, పై పొరల సంగతి తెలియలేదనీ, నిరోధకం నిల్వ లేదనీ తేలింది. సైరన్ కూడా మోగలేదు. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా కొలవని వేడిని చూపించలేదు.

ఇంట్లోనూ అదే జరుగుతుంది. హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ కాలనీల్లో బండి మీద క్యానులు పెట్టుకుని ఫినాయిల్, యాసిడ్ అమ్ముకొస్తారు. మనం తాగి పడేసిన నీళ్ల సీసా తెచ్చి పట్టించుకుంటాం. యాసిడ్ అమ్మకానికి రిజిస్టరు, గుర్తింపు కార్డు ఉండాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది గాని, ఆ బండి వెనుక రిజిస్టరును వెతకడం వృథా. చీటీ పోయిన ఆ క్షణం నుండి ఏ కంప్యూటరూ ఆ సీసాను గుర్తుపట్టదు. ఎలీషా దినాల్లో ఎవరో తెలియక కోసుకొచ్చిన కాయలు కూర కుండలో పడిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది చిన్నారులు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది.

మామిడి కాలంలో ఇంకొక సంగతి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలివచ్చాక మన ఇళ్లకు మామిడి పెట్టెలు నేరుగా వస్తున్నాయి. పెట్టెలో పండ్ల మధ్య చిన్న కాగితపు పొట్లాలు కనబడతాయి. అవి కాయలను మాగబెట్టడానికి ఇథిలీన్ వెలువరించే పొడివి కావచ్చు. చట్టం నిషేధించిన కార్బైడ్‌వీ కావచ్చు. రెండూ పిల్లల చేతికి అందకూడదు. పండ్లు తీసేటప్పుడే వాటినీ తీసి పారేసి, చేతులూ పండ్లూ కడగండి.

యాసిడ్, కిరోసిన్, ఫినాయిల్ మింగినవారికి ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. దిగేటప్పుడు కాల్చినది ఎక్కేటప్పుడూ కాలుస్తుంది, కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగండి. పురుగుమందు ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో కడిగి బయలుదేరండి. 108కి ఫోన్ చేయండి. ఎయిమ్స్ కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. చీటీ లేని సీసా అయినా సరే, మూత బిగించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసుకురండి. ఏమిటో తెలుసుకుందామని వాసన చూడవద్దు.

ఇంట్లో పేరు లేని సీసాలున్నవారికోసం ఖాళీ చీటీలు మన ఫార్మసీ కౌంటరు దగ్గర ఉంచాం. స్త్రీల సమాజం వారు తమ కాలనీకి కావలసినన్ని తీసుకెళ్లవచ్చు.